అడయారు మొగ ఎందుకు పూడిపోతుంది?

మొన్న వేసవిలో మా మేనత్తను చెన్నైలో బీసెంట్ నగర్ వెనకున్న విరిగిన వంతెన దగ్గరికి తీసుకెళ్లాను. 1967లో కట్టిన ఆ వంతెనను పదేళ్లకే అడయారు ఏటి వరద తెంచుకుపోయింది. అత్త పెన్న మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) దగ్గర పుట్టి పెరిగిన మనిషి. ఏటికీ సముద్రానికీ మధ్య అడ్డంగా పేరుకున్న ఇసుకను చూడగానే, "మొగ పూడిపోయిందే! ఇంక పోటు నీళ్లు లోపలికి ఎట్టా వస్తాయి?" అంది. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అది.

చెన్నై తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా ఒడ్డును తాకి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాలప్పుడు అది దక్షిణానికి మళ్లుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1870ల్లో హార్బరు గోడలు కట్టడం మొదలయ్యాక వాటికి దక్షిణాన ఇసుక చేరి చేరి మెరీనా బీచ్ ఇంత వెడల్పయింది. ఉత్తరాన రాయపురం ఒడ్డు కోతకు గురైంది. అలా ఉత్తరానికి పోయే ఇసుకే అడయారు మొగ ముందు నుంచి కూడా పోతుంది. ఏటి నీళ్లకు తోసే ఊపు లేకపోతే అక్కడే మేట వేస్తుంది.

అడయారు పొడవు 42 కిలోమీటర్లే. నిండుగా పారేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిగతా నెలల్లో దానిలోకి వచ్చేది ఎక్కువగా మురుగే. కాబట్టి అప్పుడు మొగను తెరిచి ఉంచాల్సింది ఆటుపోట్లే. పోటు దాదాపు పన్నెండున్నర గంటలకోసారి వస్తుంది. లోపల ఒక చదరపు కిలోమీటరు మేర నీటిమట్టం అర మీటరు లేచిందనుకుందాం. అది 50 కోట్ల లీటర్లు! ఆటు వేళ ఆ నీరంతా ఇరుకు మొగలోంచి ఉరుకుతూ ఇసుకను ఈడ్చుకుపోతుంది. ఇక్కడ పోటుకూ ఆటుకూ మధ్య తేడా పున్నమికీ అమావాస్యకీ కూడా మీటరు అటూఇటూగానే ఉంటుంది. కనుక నీళ్లు లోపల ఎంత మేర పరుచుకుంటాయన్నదే అసలు సంగతి. ఆ మేరను సగం పూడ్చేస్తే ఇసుకను తోసే నీళ్లూ సగమైపోతాయి. పొక్లెయిన్‌తో ఎన్నిసార్లు తవ్వినా మొగ మళ్లీ ఎందుకు మూసుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

దీనికి తోడు ఒండ్రు ఒకటి. ఉప్పునీరు బరువు, అందుకే మంచినీటి అడుగున జారుతూ లోపలికి వస్తుంది. మంచినీటిలో విడివిడిగా తేలే సన్నని బంకమట్టి రేణువులు ఉప్పు తగలగానే ఒకదానికొకటి అతుక్కుని కిందికి దిగిపోతాయి. అడుగు మెల్లగా మెరక అవుతుంది.

2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి సెకనుకు 29,000 ఘనపుటడుగుల నీళ్లు వదిలారు. అంత వరదైతే మొగను తనే తెంచుకుంటుంది. కానీ మేట తెగేలోపు నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి, అదే సమయానికి పోటుంటే మరీను.

అత్త తర్వాత అడిగింది, "ఒకప్పుడు నీళ్లు ఎందాకా వచ్చేవిరా?" అని. క్విబుల్ ఐలాండ్ వైపు చూపించాను. ఇప్పుడక్కడ ఇళ్లున్నాయి, పేరు మాత్రం దీవే. దాని పక్కనున్న కయ్యలో (సముద్రపు నీళ్లు చొచ్చుకొచ్చే పాయలో) చెత్తాచెదారం తీసి, మడ చెట్లు నాటి, 58 ఎకరాలను 2011లో పార్కుగా తెరిచారు. మొగ దగ్గర పొక్లెయిన్ పెట్టే డబ్బులో కొంత ఇలాంటి పనికి మళ్లించాలని నా గట్టి అభిప్రాయం.