సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ ఎపిసోడ్ రివ్యూలు: అపోహలు – వాస్తవాలు

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సిరీస్‌లకు ఎపిసోడ్ల వారీగా రివ్యూలు రాయడం నా పని. సీజన్ మొత్తానికీ కలిపి ఒకే తీర్పు ఇవ్వను. ఒక్కో ఎపిసోడ్ చూసి, అది నన్ను ఏం చేసిందో, ఎలా చేసిందో రాస్తాను. ఈ పని గురించీ, ఈ సిరీస్‌లు తయారయ్యే తీరు గురించీ చూసేవాళ్లలో కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. వాటివల్ల చాలామంది మంచి ఎపిసోడ్లను చూడకుండానే దాటేస్తున్నారు. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అపోహ: కథ ముందుకు కదలని ఎపిసోడ్ దండగ. స్కిప్ చేసినా నష్టం లేదు.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న "ఏయే ఎపిసోడ్లు వదిలేయొచ్చు?" అనే. పెద్ద కథతో సంబంధం లేని ఎపిసోడ్‌ని 'ఫిల్లర్' అనేసి పక్కన పెట్టడం అలవాటైపోయింది. వాస్తవం ఏమిటంటే, టీవీ సైన్స్ ఫిక్షన్‌లో పదికాలాలు నిలిచిన ఎపిసోడ్లలో చాలావరకు ఈ కోవలోవే.

కాలంలో, అంతరిక్షంలో తిరిగే 'డాక్టర్' అనే గ్రహాంతరవాసి కథ 'డాక్టర్ హూ'. ఈ బ్రిటిష్ సిరీస్ నాలుగో సీజన్‌లో 'మిడ్‌నైట్' అనే ఎపిసోడ్ ఉంది. 2008 జూన్ 14న బీబీసీలో వచ్చింది, రాసింది రస్సెల్ టి డేవీస్. డాక్టర్‌తో కలిసి తిరిగే డోనా ఇందులో మొదట్లో కాసేపు, చివర్లో కాసేపు కనిపిస్తుందంతే. ఆ పాత్ర వేసిన కేథరిన్ టేట్ అప్పుడు వేరే ఎపిసోడ్ షూటింగులో ఉంది. ఇక మిగిలినవి వజ్రాల గ్రహం మీద కిటికీలు మూసేసిన ఒక టూరిస్టు బండి, అందులో గుప్పెడు మంది ప్రయాణికులు. దారి మధ్యలో బండి ఆగిపోతుంది. బయట ఏ ప్రాణీ బతకలేని చోట, ఎవరో బండి గోడ మీద తడతారు.

స్కై అనే ప్రయాణికురాలిలో ఏదో దూరుతుంది. మొదట ఎవరేమంటే అదే తిరిగి అంటుంది. చిరాకు పుడుతుంది తప్ప భయం వేయదు. కాసేపటికి మాటకీ ప్రతిధ్వనికీ మధ్య ఎడం కరిగిపోయి, ఎదుటివాళ్లతో సమంగా అనడం మొదలుపెడుతుంది. డాక్టర్ ఆమెను పరీక్షించడానికి 'పై' విలువకు వర్గమూలాన్ని దశాంశాలతో సహా గబగబా చదివితే, అదే క్షణంలో అవే అంకెలు ఆమె నోటి నుంచీ వస్తాయి. ఆ తర్వాత ఆమే ముందు మాట్లాడుతుంది, డాక్టర్ వెనక నుంచి అందుకుంటాడు. అంటే గొంతు చేతులు మారింది. తోటి ప్రయాణికులకు మాత్రం ఆమె బాగైపోయినట్టూ, పట్టింది ఇప్పుడు డాక్టర్‌కే అయినట్టూ కనిపిస్తుంది. చదువుకున్నవాళ్లు, కాసేపటి క్రితం దాకా అతనితో నవ్వుతూ కబుర్లాడినవాళ్లు, అతన్ని బయటికి తోసేయడానికి ఈడ్చుకెళ్తారు. కాపాడేది ఆ బండిలోని హోస్టెస్, తన ప్రాణం ఇచ్చి. అంతా అయ్యాక డాక్టర్ ఆమె పేరు అడుగుతాడు. అక్కడున్నవాళ్లలో ఒక్కరికీ తెలియదు.

ఆ జీవి ఎలా ఉంటుందో, దాని పేరేమిటో ఎపిసోడ్ ఎక్కడా చెప్పదు. ఖరీదైన గ్రాఫిక్స్ చేయాల్సిన పనంతా ఇద్దరు నటుల నోళ్లు, సౌండ్ మిక్సింగ్ కలిసి చేశాయి. మిగతా ఎపిసోడ్లన్నిట్లో డాక్టర్‌ని గెలిపించేది అతని మాటే. ఇక్కడ రచయిత సరిగ్గా ఆ మాటనే లాగేసుకున్నాడు. పెద్ద కథ అంగుళం కదలకపోయినా, డాక్టర్ ఎవరన్నది ఇంతగా చెప్పిన ఎపిసోడ్లు ఆ సీజన్‌లో నాకు వేరే కనబడవు. (ఇందులో జెత్రో అనే కుర్రాడిగా వేసిన కాలిన్ మోర్గన్ అదే ఏడాది 'మెర్లిన్'లో టైటిల్ పాత్రతో వచ్చాడు. అతని పేరు అక్కడే మొదటిసారి విన్నవాళ్లు వెనక్కి వెళ్లి ఇది చూడాలి.)

'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్'లో 1992 జూన్ 1న వచ్చిన 'ది ఇన్నర్ లైట్' కూడా అంతే. ఓడలో పాతిక నిమిషాలు గడిచేలోగా కెప్టెన్ పికార్డ్ ఎప్పుడో నశించిన గ్రహం మీద పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచి, ముసలివాడై ఒక జీవితకాలం బతికేస్తాడు. దానికి 1993లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. "ఫార్వర్డ్ కొట్టేయొచ్చా?" అని అడిగినవాళ్లకి నేను ముందు ఈ రెండూ చూడమంటాను.

అపోహ: మంచి సిరీస్ అంటే మొదటి రోజే ముగింపుతో సహా అంతా రాసిపెట్టుకుంటారు.

దీనికి అందరూ చూపించే ఉదాహరణ ఒక అంతరిక్ష కేంద్రంలో నడిచే 'బాబిలోన్ 5'. ఐదేళ్ల కథగా ముందే అనుకుని తీసింది నిజమే. 110 ఎపిసోడ్లలో 92 దాని సృష్టికర్త జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ ఒక్కడే రాశాడు. అయినా మొదటి సీజన్ అయిపోగానే కథానాయకుడు మైకేల్ ఓహేర్ తప్పుకున్నాడు. మానసిక అనారోగ్యంతో అతను ఎంత నలిగిపోయాడో, నటుడు కోరుకున్నట్టే, 2012లో ఆయన చనిపోయిన తర్వాత గానీ స్ట్రజిన్‌స్కీ బయటపెట్టలేదు. రెండో సీజన్‌కి బ్రూస్ బాక్స్‌లైట్‌నర్ కొత్త కమాండర్‌గా వచ్చాడు. ఎవరైనా నటులు ఉన్నపళంగా వెళ్లిపోవాల్సి వస్తే కథ కూలిపోకుండా, ప్రతి ముఖ్య పాత్రకీ తప్పుకునే దారి ఒకటి స్ట్రజిన్‌స్కీ ముందే పెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. 1996లో ఓహేర్‌ని రెండు భాగాల ఎపిసోడ్‌కి మళ్లీ తీసుకొచ్చి ఆ పాత్ర కథను తీర్చాడు.

అక్కడితో ఆగలేదు. ఐదో సీజన్ ఉంటుందో లేదో తెలియక, నాలుగో సీజన్ షూటింగులోనే ఆఖరి ఎపిసోడ్ తీసేశారు. తీరా ఐదో సీజన్ ఖాయమయ్యాక దాన్ని పక్కన దాచి 1998 నవంబరులో వేశారు. ఈలోగా ఇవనోవాగా వేసిన క్లాడియా క్రిస్టియన్ సిరీస్ వదిలి వెళ్లిపోయింది. అందుకే ఐదో సీజన్‌లో ఎక్కడా లేని ఇవనోవా చివరి ఎపిసోడ్‌లో ఉంటుంది. ఈ సంగతి తెలియనివాళ్లు దాన్ని 'లాజిక్ మిస్' అంటారు. ప్లాను అంత పకడ్బందీగా ఉన్న సిరీస్ పరిస్థితే ఇది.

'ఎక్స్-ఫైల్స్' సంగతి చూడండి. 1994లో, అందులో ఎఫ్‌బీఐ ఏజెంట్ స్కలీగా వేసిన గిలియన్ ఆండర్సన్ గర్భవతి. కొన్నాళ్లు ఆమె లేకుండా నెట్టుకురావాలి కాబట్టి స్కలీని అపహరించినట్టు కథ మలిచారు. ఆ అవసరం నుంచి పుట్టిందే తర్వాతి సీజన్లను నడిపించింది: స్కలీ మెడలో దొరికిన చిప్, క్యాన్సర్ అన్నీ. 'నెక్స్ట్ జనరేషన్'లో పికార్డ్‌ని బోర్గ్‌లు అనే సగం యంత్రాలైన శత్రుజాతి తమలో కలిపేసుకున్న దగ్గర ఉత్కంఠగా ఆపేసిన ఎపిసోడ్ (క్లిఫ్‌హ్యాంగర్) 1990 జూన్ 18న వచ్చింది, రెండో భాగం సెప్టెంబరు 24న. మొదటి భాగం రాసేటప్పుడు మైకేల్ పిల్లర్‌కి రెండో భాగంలో ఏం జరుగుతుందో తెలియదు.

అందుకే నేను రివ్యూలో "ముందే అనుకున్నారా, అప్పటికప్పుడు అల్లారా?" అన్న వాదనలోకి దిగను. వచ్చిన కష్టాన్ని కథ జీర్ణం చేసుకుందా లేదా అన్నదే చూస్తాను.

అపోహ: విమానం కూలి ఒక ద్వీపంలో చిక్కుకున్నవాళ్ల కథ 'లాస్ట్'లో అందరూ మొదటి ఎపిసోడ్‌లోనే చచ్చిపోయారు. ఆరు సీజన్లూ ఉత్తిదే.

కాదు. 2010 మే 23న వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో క్రిస్టియన్ తన కొడుకు జాక్‌కి విడమరిచి చెబుతాడు: జరిగిందంతా నిజంగానే జరిగింది, అక్కడున్నవాళ్లలో కొందరు నీకంటే ముందు పోయారు, కొందరు నీ తర్వాత చాలా ఏళ్లకి. చనిపోయాక కలుసుకునే చోటు ఆఖరి సీజన్‌లో సమాంతరంగా చూపించిన కథ మాత్రమే, ద్వీపం కాదు. మరి ఇంతమంది ఎందుకు పొరపడ్డారు? చివరి టైటిల్స్ పడేటప్పుడు మనుషులెవరూ లేని విమాన శకలాల దృశ్యాలు వేశారు. అవి కథలో భాగం కావు, ఏబీసీ చానల్ కలిపినవి. ప్రేక్షకుడు భారమైన మనసుతో వార్తల్లోకి వెళ్లేముందు కాస్త ఊపిరి తీసుకుంటాడని వేశారు. చూసినవాళ్లు దాన్ని ఆఖరి ఆధారంగా తీసుకున్నారు. ముగింపు నచ్చకపోవడం మీ ఇష్టం, నాకూ అందులో అసంతృప్తులున్నాయి. లేని ముగింపును తిట్టడం మాత్రం అన్యాయం.

అపోహ: తెర మీద ఏమీ కనబడలేదంటే కెమెరామన్‌దే తప్పు.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్ 'ద లాంగ్ నైట్' గురించి ఇంకా ఇదే మాట వింటున్నాను. ఆ యుద్ధాన్ని 55 రాత్రులు తీశారు. చీకటి కావాలని పెట్టిందేనని ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ చెప్పాడు. నా అభిప్రాయంలో చీకటి కొంచెం శ్రుతి మించింది, అది నిజం. కానీ ఇంట్లో చూసినవాళ్లకి ఎదురైన ఇబ్బందిలో సగం ప్రసారానిది. స్ట్రీమింగ్‌లో డేటా తగ్గించడానికి బొమ్మను కుదించినప్పుడు మొదట దెబ్బతినేవి నలుపులే. నీడలోని సన్నటి తేడాలు పోయి గళ్లు గళ్లుగా, చారలుగా కనిపిస్తాయి. పైగా అమెరికాలో ఆదివారం రాత్రి వచ్చింది మనకి సోమవారం పొద్దున. ఏప్రిల్ నెలాఖరు ఎండ కిటికీలోంచి టీవీ మీద పడుతుంటే ఆ ఎపిసోడ్ చూసినవాళ్లు మన దగ్గర ఎంతమందో.

దృశ్యం గురించి ఒక్క ముక్క రాసేముందు కూడా కర్టెన్లు వేసి, టీవీలో కదలికలను కృత్రిమంగా నున్నగా చేసే 'మోషన్ స్మూతింగ్' ఆపేసి, పిక్చర్ మోడ్‌ని 'సినిమా'కో 'ఫిల్మ్‌మేకర్'కో మార్చి చూడండి. షోరూమ్‌లో ధగధగలాడించడానికి పెట్టిన 'వివిడ్' మోడ్‌లో చూసి రంగుల మీద తీర్పు చెప్పకూడదు.

అపోహ: స్పాయిలర్ (కథలో మలుపును ముందే బయటపెట్టే మాట) తెలిస్తే ఇక చూసి దండగ.

అపోహ: స్పాయిలర్ వల్ల నష్టమేమీ లేదని సైన్స్ తేల్చేసింది.

రెండూ అతిశయోక్తులే. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 చిన్న కథలతో పరీక్షించి, ముందే ముగింపు తెలిసినవాళ్లు కథను ఇంకాస్త ఎక్కువ ఆనందించారని చెప్పారు. ఆ మాటే ఇప్పటికీ తిరుగుతోంది. అది చదివే కథల మీద చేసింది, వారం వారం ఎదురుచూసే సిరీస్‌ల మీద కాదు. తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఎదురు ఫలితాలూ ఉన్నాయి.

అనుభవంలో నేను చూసింది ఇది: తెలిసి చూడటం, తెలియక చూడటం రెండు వేర్వేరు ఆనందాలు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో 2013 జూన్ 2న పెళ్లింట్లో ఊచకోత జరిగినప్పుడు మూల నవల చదివినవాళ్లకి అది 2000 నుంచే తెలుసు. వాళ్లు సోఫాలో కూర్చున్న స్నేహితుల ముఖాలను ఫోన్లో తీసి పెట్టారు. ఆ వీడియోల్లో ఒకవైపు అరుపులు, ఏడుపులు, నోటికి అడ్డం పెట్టుకున్న చేతులు. ఫోన్ పట్టుకున్నవాళ్లకేమో తలుపులు మూసుకోవడం, పాట మారడం చూస్తూనే గుండె వేగం పెరుగుతుంది. రెంటిలో ఏదీ తక్కువ కాదు. కానీ తెలియకుండా చూసే అవకాశం ఒక్కసారే దొరుకుతుంది. దాన్ని ఇంకొకరి దగ్గర లాక్కునే హక్కు రివ్యూ రాసేవాడికి లేదు. శీర్షికలో, మొదటి పేరాలో, పైన పెట్టే ఫొటోలో మలుపు బయటపడకూడదన్న నియమాన్ని నేను ఎప్పుడూ దాటను.

అపోహ: ప్రేక్షకుల స్పందన ఎవరికీ పట్టదు.

1967–68 చలికాలంలో 'స్టార్ ట్రెక్' ఆగిపోతుందన్న మాట పాకగానే బ్జో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతులు ఉత్తరాల ఉద్యమం నడిపారు. దాన్ని ప్రసారం చేసే ఎన్‌బీసీ చానల్‌కి ఉత్తరాలు వెల్లువెత్తాయి. 1968 మార్చి 1న ఎపిసోడ్ అయ్యాక, సిరీస్ కొనసాగుతుందని చానల్ టీవీలోనే ప్రకటించింది. అయితే ఉత్తరాలు గెలిచింది ఇంకో సీజన్ వరకే. మూడో సీజన్‌కి బడ్జెట్ కోశారు, శుక్రవారం రాత్రి 10 గంటలకి నెట్టారు. దాన్ని ప్రాణంగా చూసే కుర్రకారు ఇంట్లో ఉండని వేళ అది. 1969లో 79 ఎపిసోడ్లతో ఆగిపోయింది. కానీ స్థానిక చానళ్లలో రోజూ వేసుకోవడానికి సరిపడా ఎపిసోడ్లు ఆ మూడో సీజన్‌తోనే పోగుపడ్డాయి. అసలు ఆదరణ ఆ పునఃప్రసారాల్లో వచ్చింది. 1980లలో ఆ సిరీస్ మన దూరదర్శన్‌లోనూ వచ్చింది.

నన్ను ఇంకా కదిలించేది 'డాక్టర్ హూ' ప్రేక్షకుల కథ. 1960ల ఎపిసోడ్ల టేపులను బీబీసీ చెరిపేసి వాడుకుంది, ఫిల్ములు పారేసింది. అప్పట్లో మళ్లీ చూడాలంటే ఇంట్లో వీడియో లేదు. కొంతమంది పిల్లలు, కుర్రాళ్లు టీవీ స్పీకరు ముందు మైకు పెట్టి ఎపిసోడ్ శబ్దాన్ని రికార్డు చేసుకున్నారు. వాళ్ల పుణ్యమా అని దృశ్యం పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ ఆడియో ఈరోజు మిగిలి ఉంది. డాక్టర్ పాత్ర వేసిన రెండో నటుడు ప్యాట్రిక్ ట్రౌటన్ మొదటి కథ 'ద పవర్ ఆఫ్ ద డాలెక్స్' ఆరు భాగాలూ దొరకవు. 2016లో ఆ శబ్దం మీదే యానిమేషన్ చేసి విడుదల చేశారు.

అపోహ: తెలుగు డబ్బింగ్‌లో చూసినవాళ్లకి ఎపిసోడ్ మీద అభిప్రాయం చెప్పే అర్హత లేదు.

తప్పకుండా ఉంది. 'ద రింగ్స్ ఆఫ్ పవర్' 2022 నుంచీ తెలుగులోనూ వస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లతో, పిల్లలతో కలిసి చూడటానికి అదే వీలైంది. కథ, కూర్పు, సంగీతం, దృశ్యం గురించి డబ్బింగ్‌లో చూసి నిక్షేపంగా రాయొచ్చు. నటన గురించి రాసేటప్పుడు మాత్రం ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిదని గుర్తుంచుకోండి. డైలాగు తేలిపోయిందనిపిస్తే ఆ సన్నివేశం ఒక్కటీ మూలభాషలో పెట్టి చూసి, అప్పుడు ఎవరి పేరు రాయాలో రాయండి. తెలుగు గొంతు బాగుంటే ఆ డబ్బింగ్ కళాకారుడి పేరు వెతికి మరీ రాయండి. ఆఖరి టైటిల్స్‌ని యాప్ తనంతట తాను కత్తిరించి తర్వాతి ఎపిసోడ్‌లోకి దూకేస్తుంటుంది. సెట్టింగ్స్‌లో 'ఆటోప్లే' ఆపేస్తే ఆ పేర్లు పూర్తిగా కనబడతాయి.