గడ్డ కనపడకముందే థైరాయిడ్ తీసే పద్ధతి ఎలా వచ్చింది

మెడలో ఏ గడ్డా లేని నాలుగేళ్ల పిల్లకు థైరాయిడ్ మొత్తం తీసెయ్యాలని డాక్టరు చెబితే ఏ తల్లిదండ్రులైనా బెదిరిపోతారు. మెన్-2 అనే వంశపారంపర్య వ్యాధి థైరాయిడ్‌లో మెడులరీ అనే రకం క్యాన్సర్‌నూ, అడ్రినల్ గ్రంథుల్లో కణితులనూ తెస్తుంది. అది ఉన్న ఇళ్లలో మాత్రం కొందరు పిల్లలకు ఆ సలహా సరైనదే.

1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో పద్దెనిమిదేళ్ల అమ్మాయి చనిపోయింది. శవపరీక్షలో మూత్రపిండాల మీద ఉండే రెండు అడ్రినల్ గ్రంథుల్లోనూ కణితులు కనిపించాయి. ఫెలిక్స్ ఫ్రాంకెల్ అనే డాక్టరు వాటిని నమోదు చేశాడు. నేడు ఫియోక్రోమోసైటోమా అంటున్నది వాటినే. 2007లో ఆ వంశంలో బతికున్నవారిని పరీక్షిస్తే మెన్-2కు మూలమైన రెట్ జన్యువులో మార్పు బయటపడింది.

మధ్యలో కథ ముక్కలు ముక్కలుగా నడిచింది. 1959లో మెడులరీ థైరాయిడ్ క్యాన్సర్‌ను వేరే జాతిగా గుర్తించారు. 1961లో సిపుల్ అనే అమెరికన్ డాక్టరు ఆ అడ్రినల్ కణితికీ థైరాయిడ్ క్యాన్సర్‌కూ లంకె ఉందన్నాడు. ఈ క్యాన్సర్ పుట్టేది థైరాయిడ్‌లోనే ఉండే సి-కణాలు అనే వేరే రకం కణాల నుంచని 1966లో తేలింది. అవి అయొడిన్ పీల్చవు, అందుకే రేడియో అయొడిన్ దీనిమీద పనిచెయ్యదు. అవి వదిలే కాల్సిటోనిన్ హార్మోనే రక్తంలో పట్టుకోవలసిన ఆనవాలు.

1970లలో పెంటాగ్యాస్ట్రిన్ సూది ఇచ్చి ఆ కాల్సిటోనిన్ ఎంత పెరుగుతుందో కొలిచేవారు. ఛాతీ బిగుసుకుపోయి, వికారం పుట్టించే పరీక్ష. పిల్లలకు ఏటా చెయ్యాల్సి వచ్చేది. పైగా తప్పుదారీ పట్టించింది. జన్యుపరీక్ష వచ్చాక చూస్తే, అప్పటికే థైరాయిడ్ పోగొట్టుకున్నవారిలో కొందరికి అసలు ఆ మార్పే లేదు.

1993లో పదో క్రోమోజోమ్ మీది రెట్ జన్యువే మూలమని తేలింది. ఏడాది తిరక్కుండానే జన్యుఫలితం ఆధారంగా ఆపరేషన్లు మొదలయ్యాయి. మార్పు ఏ కోడాన్‌లో, అంటే జన్యువులో ఏ నంబరు స్థానంలో ఉందన్నదే ఇక్కడ కీలకం. 634లో ఉంటే అయిదేళ్లు నిండేలోగా, 918లో ఉంటే మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ చెయ్యాలని 2015 అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతాయి. మిగతావాటిలో చాలావరకు కాల్సిటోనిన్ చూస్తూ ఆగవచ్చు. థైరాయిడ్‌ను ఆనుకుని ఉండి రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథులు పసిబిడ్డల్లో చాలా చిన్నవి. అవి దెబ్బతింటే కాల్షియం జీవితాంతం తక్కువగానే ఉండిపోవచ్చు. అందుకే ఇది అనుభవమున్న సర్జన్ చెయ్యవలసిన పని.

634లో మార్పు ఉన్నవారిలో కొందరికి వీపు పైభాగాన దురదపెట్టే నల్లమచ్చ వస్తుంది. చర్మవ్యాధిగా ఏళ్లతరబడి మందు రాస్తూ పోతారు. జన్యువులో పదో ఎక్సాన్ అనే భాగంలోని 620 వంటి కోడాన్‌లలో మార్పులున్న బిడ్డకు హిర్ష్‌స్ప్రంగ్ అనే పేగుజబ్బు కూడా రావచ్చు.

పెద్దవాళ్లలో థైరాయిడ్ ఆపరేషన్‌కు ముందు అడ్రినల్ కణితిని పట్టిచ్చే ప్లాస్మా మెటానెఫ్రిన్‌ల రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించాలి. అడ్రినల్ కణితి దాగి ఉంటే మత్తిచ్చినప్పుడు బీపీ అదుపు తప్పి ప్రాణం పోవచ్చు. కణితి ఉంటే ముందు రక్తనాళాలను వదులు చేసే ఆల్ఫా బ్లాకర్ మందు, అది పట్టాకే అవసరమైతే గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్, ఆపై అడ్రినల్ ఆపరేషన్. థైరాయిడ్ సంగతి ఆ తర్వాతే. ఈ వరుస తప్పితే బీపీ ఇంకా ఎగబాకుతుంది.

మెడులరీ క్యాన్సర్లలో సుమారు నాలుగో వంతు వంశపారంపర్యమే. కాబట్టి ఇంట్లో ఇంకెవరికీ లేకపోయినా, ఈ క్యాన్సర్ వచ్చిన ప్రతివారికీ రెట్ పరీక్ష చెయ్యాలి. మార్పు ఉన్నవారి ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. రాని బిడ్డకు ఇక ఏ తనిఖీలూ అక్కర్లేదు.

చిక్కంతా 918లో మార్పుతో వచ్చే మెన్-2బి అనే తీవ్రమైన రకం దగ్గరే. ఎక్కువమందిలో అది కొత్తగా పుట్టిన మార్పు, తల్లిదండ్రుల్లో ఉండదు. అందుకే ఏడాదిలోపు ఆపరేషన్ అన్న గడువు చాలామంది పిల్లలకు అందకుండానే దాటిపోతోంది. ఏడ్చినా కన్నీళ్లు రాని పసిబిడ్డ, తగ్గని మలబద్ధకం, తర్వాత నాలుక మీదా పెదవుల మీదా చిన్న బుడిపెలు: వీటిని కలిపి చూసిన పిల్లల డాక్టరు వెంటనే రెట్ పరీక్షకు పంపాలి.