విమానం దిగబోయి మళ్లీ పైకి లేస్తే భయపడాలా?

2024 నవంబర్ 30న, ఫెంగల్ తుపాను తీరం దాటడానికి వస్తున్న రోజున, చెన్నైలో ఓ విమానం రన్‌వే దాకా వచ్చి, దాదాపు చక్రాలు ఆనించబోయి, అటూ ఇటూ ఊగిపోయి, ఉన్నట్టుండి మళ్లీ ఆకాశంలోకి లేచిపోయింది. ఆ వీడియో ఎంతమంది ఫోన్లలో తిరిగిందో లెక్కలేదు. చూసినవాళ్లలో చాలామంది పెద్ద ప్రమాదం త్రుటిలో తప్పిందనుకున్నారు. నాకైతే ఆ పైలట్లు సరిగ్గా చేయాల్సిన పనే చేశారనిపించింది. దాన్ని గో-అరౌండ్ అంటారు. దిగడం కుదరదనిపించిన క్షణంలో ఇంజిన్లకు పూర్తి పవర్ ఇచ్చి పైకి వెళ్లిపోవడం, సిమ్యులేటర్‌లో ప్రతి పైలట్ చేత పదే పదే చేయించే పని ఇది.

వాన వల్ల ఫ్లైట్ లేటని మనం మామూలుగా అనేస్తాం గానీ ఉత్త వానతో విమానానికి పెద్ద ఇబ్బంది లేదు, జెట్ ఇంజిన్లను నీళ్లు మింగించి మరీ పరీక్షిస్తారు. అసలు ఇబ్బంది గాలితోనూ, రన్‌వే మీద నిలిచిన నీటితోనూ.

ముందు గాలి సంగతి. రెక్కకు కావాల్సింది నేల మీద వేగం కాదు, దాని మీదుగా పారే గాలి వేగం. అందుకే విమానాలు వీలైనంతవరకు గాలికి ఎదురుగా దిగుతాయి, ఎదురుగాలి 40 కిలోమీటర్ల వేగంతో ఉంటే నేల మీద విమానం వేగం అంతమేర తగ్గుతుంది, ఆగడానికి తక్కువ దూరం సరిపోతుంది. గాలి గట్టిగా ఉన్నా ఒకే దిశలో నిలకడగా వీస్తే పైలట్లు సర్దుకోగలరు. భయపడాల్సింది క్షణాల్లో దిశ మార్చే గాలికి.

ఉరుముల మబ్బు కింద ఒక్కోసారి ఏమవుతుందంటే, కురిసే వాన చినుకులు దారిలో కొంత ఆవిరై చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి, చల్లబడి బరువెక్కిన ఆ గాలి ఒక్కసారిగా నేల మీదకి పడుతుంది, పడి, బకెట్ నీళ్లు గచ్చు మీద కుమ్మరిస్తే చిమ్మినట్టు నాలుగు వైపులకీ విరజిమ్ముతుంది. మైక్రోబర్స్ట్ అంటే ఇదే. వెడల్పు 4 కిలోమీటర్ల లోపే, ఉండేది కొన్ని నిమిషాలే. దిగుతున్న విమానం ఇందులోకి దూరితే మొదట తగిలేది బలమైన ఎదురుగాలి, దాంతో వేగం పెరిగినట్టు కనిపిస్తుంది, విమానం కాస్త పైకి తేలుతుంది, సంగతి తెలియని పైలట్ పవర్ తగ్గిస్తాడు. మరుక్షణం గాలి కిందకి తోస్తుంది. ఆ వెంటనే వెనుకగాలి. రెక్కల మీద గాలి వేగం హఠాత్తుగా పడిపోతుంది, పవర్ ముందే తగ్గించి ఉంటారు, ఎత్తు చూస్తే కొన్ని వందల అడుగులే.

దీన్ని కనిపెట్టింది టెట్సుయా ఫుజిటా అనే వాతావరణ శాస్త్రవేత్త, సుడిగాలుల తీవ్రతను కొలిచే ఫుజిటా స్కేల్ ఆయన పేరు మీదిదే. జపాన్‌లో అణుబాంబు పడిన చోట్ల చెట్లూ స్తంభాలూ ఏ దిక్కుకి ఒరిగాయో యువకుడిగా ఉన్నప్పుడు పరిశీలించిన మనిషి. 1974లో అమెరికాలో సుడిగాలుల బీభత్సం తర్వాత విమానంలోంచి చూస్తే అడవిలో చెట్లు ఒక కేంద్రం నుంచి అన్ని వైపులకీ పడి ఉన్నాయి, సుడిగాలి అయితే అలా పడవు. మరుసటి ఏడాది జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతున్న విమానం కూలి 113 మంది చనిపోయారు. పై నుంచి పడే గాలే కారణమని ఫుజిటా వాదిస్తే తోటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు, ఆయన రాడార్లతో కొలిచి చూపించాల్సి వచ్చింది. అప్పటికీ విమానాల్లోకి పరికరాలు రాలేదు. 1985 ఆగస్టు 2న డాలస్ దగ్గర మరో విమానం ఇదే తీరులో కూలింది, 137 మంది పోయారు. ఆ తర్వాత గానీ విమానంలోనే హెచ్చరిక ఇచ్చే పరికరాలు ఉండాలన్న నిబంధనా, విమానాశ్రయాల పక్కన ప్రత్యేక రాడార్లూ రాలేదు. ఒక మనిషి పదేళ్లు ముందే చెప్పినా ఇంతమంది పోయాకే కదలిక రావడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇక నీరు. టైరు కింద నుంచి నీరు తప్పుకునే లోపే చక్రం దాని మీదకి ఎక్కేస్తే రబ్బరు నేలను తాకదు, బ్రేకు వేసినా పట్టు దొరకదు. ఇది ఏ వేగం దగ్గర మొదలవుతుందన్నది టైరులోని గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది, జెట్ విమానాల టైర్లలో ఉండే 200 పీఎస్ఐ ఒత్తిడికి లెక్కవేస్తే గంటకు సుమారు 235 కిలోమీటర్లు వస్తుంది. దిగే వేగం కూడా ఇంచుమించు అంతే, ఒక్కోసారి ఎక్కువే. అందుకే రన్‌వే మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా, అంచులకు వాలుగా కడతారు, చాలాచోట్ల నీరు జారిపోవడానికి అడ్డంగా సన్నని గాడులు కోస్తారు, ఏళ్ల తరబడి అంటుకున్న టైర్ల రబ్బరును గీకించి తీయిస్తారు.

2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో ఈ గాలీ నీరూ రెండూ కలిశాయి. దుబాయ్ నుంచి వచ్చిన విమానం మొదటిసారి దిగకుండా వెనుదిరిగింది. రెండోసారి రన్‌వే అవతలి వైపు నుంచి, వెనుకగాలితో, తడి రన్‌వే మీద, దాదాపు సగం దూరం దాటాక నేలను తాకింది. కొండ మీద చదును చేసి కట్టిన రన్‌వే అది, చివర దాటితే లోయే. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది చనిపోయారు. రెండోసారి కూడా గో-అరౌండ్ చేసి ఉండాల్సిందని దర్యాప్తు నివేదిక తేల్చింది. చెన్నై వీడియో చూసి భయపడినవాళ్లకి నేను గుర్తుచేయాలనుకునేది ఈ ఒక్క సంగతి.

పైకి లేచాక ఇంధనం చాలుతుందా అని కొందరికి టెన్షన్. గమ్యానికి సరిపడా, అక్కడ కుదరకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లడానికి సరిపడా, దాని మీద ఇంకో 30 నిమిషాలు గాల్లో ఉండటానికి సరిపడా నింపుకునే బయలుదేరతారు. చెన్నైలో, బెంగళూరులో దిగలేని విమానాలు శంషాబాద్‌కి వచ్చేది ఇలాగే.

ఒక్కోసారి దెబ్బ విమానానికి కాదు, విమానాశ్రయానికే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ టెర్మినల్ పైకప్పును చీల్చేసింది, కొన్ని రోజులు అక్కడ ఒక్క ప్రయాణికుల విమానమూ తిరగలేదు. 2015 డిసెంబర్ వరదల్లో చెన్నై విమానాశ్రయం కూడా రోజుల తరబడి మూతపడింది, అక్కడి రెండో రన్‌వే కొంత అడయార్ నది మీద కట్టిన వంతెన పైనే ఉంది మరి. గాలివాన తగ్గగానే తెరవడం కుదరదు. రేకు ముక్క ఒక్కటి ఇంజిన్లోకి వెళ్లినా ప్రమాదమే కాబట్టి రన్‌వే అంతా వెతకాలి, దీపాలూ, విమానాలకు దారి చూపే యాంటెన్నాలూ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడాలి.

మెరుపుల సంగతి మాత్రం జనం అనుకునేదానికి తలకిందులు. విమానానికి పిడుగు తగిలినా కరెంటు లోహపు తొడుగు మీదుగా పారి బయటకి పోతుంది, లోపలివాళ్లకి సాధారణంగా ఏమీ కాదు. ప్రమాదం కింద ఉన్నవాళ్లకి. బ్యాగులు దించేవాళ్లు, ఇంధనం నింపేవాళ్లు, విమానానికి దారి చూపేవాళ్లు తలదాచుకునే చోటు లేని చదును నేల మీద నిలబడి ఉంటారు, అందుకే మెరుపులు దగ్గరికొస్తే వాళ్లందరినీ పని ఆపించి లోపలికి పంపేస్తారు. వాన రోజున విమానం దిగాక కూడా తలుపులు తీయకుండా చాలాసేపు కూర్చోబెట్టారంటే, చాలాసార్లు కారణం ఇదే, మెట్లు తోసుకొచ్చే మనిషిని ఆ మెరుపుల్లోకి పంపరు.