కోతల కాలంలో చంటిబిడ్డ: ఒక ఏఎన్‌ఎం చూసిన అపోహలు – వాస్తవాలు

పల్నాడు మిరప పల్లెల్లో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేస్తున్నాను. జనవరి వచ్చిందంటే నా రిజిస్టర్‌లో ఉన్న బాలింతలు ఇంట్లో దొరకరు, తోటలో దొరుకుతారు. కూలి ముఠా దొరికిన రోజే కాయ కోయాలి. బిడ్డకి రెండు నెలలా మూడు నెలలా అని కాయ చూడదు.

మీటింగుల్లో "వీళ్ళకి అవగాహన లేదు" అంటుంటారు. నాకు కనిపించేది అది కాదు. తెలియక కాదు, ఇంట్లో మనిషి లేక. బిడ్డని వదిలి పోక తప్పనప్పుడు, పోయినా ఫరవాలేదని చెప్పే మాట ఒకటి ఊళ్ళో పుడుతుంది. నేను రోజూ వినే అపోహల్లో సగం అలా పుట్టినవే. అందుకే వాటిని ఎగతాళి చేయబుద్ధి కాదు.

అపోహ: ఎండన పడి, మిరప తోటలో తిరిగొచ్చిన తల్లి పాలు వేడి చేస్తాయి, కారమవుతాయి.

పోయినేడు ఒక తొలిచూలు తల్లి, నాలుగు నెలల బిడ్డ. రొమ్ము నోట పెట్టగానే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. వాళ్ళ అత్తగారు "తోటలో పాలు కారమైనయ్ నర్సమ్మా, డబ్బా పాలు రాసియ్యి" అంది. ఆ అమ్మాయి గోళ్ళు చూశాను. సందుల్లో ఎర్రగా ఉంది.

"చేతులు కడుక్కున్నావామ్మా?"

"రెండుసార్లు కడిగాను మేడమ్."

"జాకెట్టు మార్చావా?"

మార్చలేదు. చెమటకి తడిసి, కాయ దుమ్ము పట్టిన జాకెట్టే ఒంటి మీదుంది.

కారం పాలలో లేదు, చర్మం మీద ఉంది. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్ళకి లొంగదు, నూనెలో కరుగుతుంది. అందుకే చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ముందు కొబ్బరి నూనో వేరుశనగ నూనో చేతులకి, గోళ్ళ సందుల్లో బాగా రుద్దాలి. తర్వాత సబ్బుతో కడగాలి, మళ్ళీ ఒకసారి కడగాలి. జాకెట్టు మార్చి, రొమ్ము సబ్బు నీళ్ళతో కడిగి తుడుచుకుని అప్పుడు పాలివ్వాలి. పొరపాటున బిడ్డ కంట్లో పడితే మాత్రం నూనె జోలికి పోవద్దు. మంచినీళ్ళు ధారగా పోసి కడగండి, ఎరుపు తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకురండి.

వేడి సంగతి కూడా చెప్పాలి. పాలు ఎప్పుడూ తల్లి ఒంటి వేడి మీదే ఉంటాయి, ఎండలో కాగవు. పొలం నుంచి రాగానే ముందుగా నాలుగు చుక్కల పాలు నేల మీద పిండి పారబోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. నేను వద్దనను. ఐదారు గంటలు బిడ్డ తాగకపోతే రొమ్ము రాయిలా గట్టిపడుతుంది, బిడ్డ నోటికి పట్టు దొరకదు. కాస్త పిండితే మెత్తబడుతుంది. పెద్దవాళ్ళు చెప్పే కారణం తప్పే గానీ, చేసే పనిలో మేలుంది.

అపోహ: బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది. బిడ్డకి మాత్రం ఎండాకాలం నీళ్ళు పట్టాలి.

రెండూ తిరగబడ్డ మాటలే. కాయం, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం పెడితే నాకేం అభ్యంతరం లేదు. నీళ్ళ చెంబు దాచేస్తేనే గొడవ పెట్టుకుంటాను. పాలు పట్టే మనిషికి, అందులోనూ ఎండలో పనిచేసే మనిషికి దాహం వేసినప్పుడల్లా నీళ్ళు కావాలి. బిడ్డకి ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు. అందులో దాదాపు 88 శాతం నీరే.

అపోహ: పనికి పోయే తల్లికి డబ్బా పాలే గతి.

కాదు. పాలు పిండి ఉంచి పోవచ్చు. ఈ మాట చెబితే మొదట సిగ్గుపడతారు, తర్వాత "అవి విరిగిపోవా?" అంటారు. చేత్తో పిండిన పాలు మూత ఉన్న స్టీలు గ్లాసులో, నీడపట్టున, చల్లటి చోట నాలుగు గంటలదాకా ఉంటాయి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో అంతసేపు నమ్మకండి. గ్లాసుని ముందు నీళ్ళలో మరిగించాలి. తాగించేముందు పాలని పొయ్యి మీద పెట్టకూడదు, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో గ్లాసు ఉంచితే చాలు. బిడ్డ తాగగా మిగిలినవి మళ్ళీ పూటకి దాచొద్దు.

ఇక సీసా. దాని పీకలో, రబ్బరు మూతలో పేరుకున్న జిడ్డు ఎంత కడిగినా పోదు. విరేచనాలతో నా దగ్గరికి వచ్చే చంటిపిల్లల్లో సీసా పిల్లలే ఎక్కువ. మన అమ్మమ్మల దగ్గర ఇంతకంటే మంచి సాధనం ఉంది: ఉగ్గుగిన్నె. ఆముదం, వసకొమ్ము పోయడానికి దాన్ని బయటికి తీస్తే ఒప్పుకోను గానీ, తల్లిపాలు పట్టడానికి అంతకు మించింది లేదు. నోరు వెడల్పు, కడగడం తేలిక, మరిగించడం తేలిక.

పొద్దున ఎనిమిదికి పోయి రెండుకి వచ్చే ఒంటిపూట పని అయితే లెక్క ఇలా వేసుకోండి. బయల్దేరే ముందు ఒకసారి పాలిచ్చి, ఒక పూటకి పిండి ఉంచి, పదిన్నర టిఫిన్ గంటకి ఎవరైనా బిడ్డని తోటకి తీసుకొస్తే గడిచిపోతుంది. ఆ "ఎవరైనా" దగ్గరే అసలు చిక్కు. అత్తమ్మ కూడా కోతకే పోతుంది కదా.

అపోహ: గట్టు మీద చెట్టుకి ఉయ్యాల కడితే చాలు, బిడ్డ కళ్ళ ముందే ఉంటుంది.

పొద్దున నీడ చెట్టుకి పడమర వైపు పడుతుంది. అక్కడ ఉయ్యాల కట్టి వరుసలో దిగితే, తిరిగి చూసేసరికి మిట్టమధ్యాహ్నం. నీడ చెట్టు మొదట్లోకి జరిగి ఉంటుంది, ఉయ్యాల ఎండలో ఉంటుంది. పాత చీర ఉయ్యాలలో బిడ్డ మునిగిపోయి ఉంటుంది కాబట్టి దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఒకసారి నేనే వెళ్ళి ఎత్తుకున్నాను, వీపు తడిసి ముద్దయి, ముఖం కందిపోయి ఉంది. ఆ తల్లి ఉన్నది నలభై అడుగుల దూరంలోనే.

ఎండ ఒక్కటే కాదు. మిరపకి నల్ల తామర పురుగు పడ్డ 2021–22 పంట నుంచి మందు కొట్టడం మరీ పెరిగింది. పక్క చేలో స్ప్రే చేస్తుంటే గాలి ఎటు వీస్తే అటు ఉయ్యాలలోకే. మందు కొట్టిన చేలోకి కనీసం ఒక రోజు బిడ్డని తేవద్దు. డబ్బా మీద అంతకంటే ఎక్కువ గడువు రాసి ఉంటే అదే పాటించండి. డబ్బా మీద పలకలాంటి గుర్తులో ఎర్ర రంగు ఉంటే అత్యంత విషం. తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఏ రంగైనా మంచం కింద పెట్టే సరుకు కాదు. ఖాళీ డబ్బా నీళ్ళు పోసుకోవడానికీ పనికిరాదు.

మరి బిడ్డని ఎక్కడ ఉంచాలి? అంగన్‌వాడీ బడి మూడేళ్ళు నిండిన పిల్లలకి. ఆ లోపు వాళ్ళకి బాలామృతం పిండి ప్యాకెట్టు ఇంటికిస్తారు తప్ప పిల్లని చూసుకోరు. ఆరు నెలల నుంచి పిల్లల్ని ఉంచుకునే పాల్నా కేంద్రాలు కొన్ని చోట్ల ఉన్నాయి, మీ అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ని అడగండి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో కూడా, పని చోటికి వచ్చే పసిపిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వాళ్ళని చూసేందుకు ఒక మహిళని పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. ప్రైవేటు కోతలకి అలాంటి రూలేదీ లేదు. కర్నూలు పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే కోతల వలసకి వచ్చే కుటుంబాలకైతే అవ్వ కూడా వెంట ఉండదు, పిల్లలు కల్లాల దగ్గరే పెరుగుతారు. వాళ్ళకి ఒక మాట: టీకా కార్డు వెంట తెచ్చుకోండి. ఏ ఊరి కార్డైనా బుధ, శనివారాల్లో మేము వేస్తాం.

అపోహ: ప్రసూతి డబ్బులు ఉద్యోగస్తులకే.

26 వారాల జీతం సెలవు ఉద్యోగస్తులకే, నిజం. ప్రధానమంత్రి మాతృ వందన యోజన వేరు. ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఆహార భద్రత రేషన్ కార్డు, లేదా తల్లి పేరున పీఎం కిసాన్ ఉన్నా సరే, ఏదో ఒకటి చాలు. తొలి బిడ్డకి రెండు విడతలుగా 3,000, 2,000. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000. ఆగిపోయేది ఎక్కడంటే, బ్యాంకు ఖాతా భర్త పేరున ఉంటుంది, లేదా ఆధార్‌లో ఇంకా పుట్టింటి పేరే ఉంటుంది. కడుపుతో ఉన్న ఐదో నెలలోనే సరిచేసుకోండి.

అపోహ: పాలిస్తున్నంత కాలం మళ్ళీ నెల తప్పదు.

మూడూ కలిస్తేనే ఆ మాట నమ్మొచ్చు: బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఏమీ పట్టకూడదు, నెలసరి మొదలై ఉండకూడదు. కోతలకి పోయి ఆరేడు గంటలు పాలివ్వని తల్లికి ఈ లెక్క చెల్లదు. గర్భం రాకుండా కాపర్ టీ, ఛాయ మాత్రలు, ఆరు వారాల తర్వాత అంతర ఇంజెక్షన్ ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం.

అపోహ: మగాడికి పసిబిడ్డ పని చేతకాదు.

ట్రాక్టరు ఇంజను విప్పి బిగించేవాడికి తువ్వాలు గుడ్డ మడత పెట్టడం చేతకాదా? రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డని చొక్కా విప్పి గుండెకి ఆనించి పడుకోబెట్టుకోమని తండ్రులకి నేనే నేర్పుతాను. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక తల్లులతో మొదలుపెట్టిన పద్ధతి ఇది, తండ్రి గుండె కూడా అంతే వెచ్చన. ఒకే షరతు: మందు కొట్టి వచ్చిన రోజు తలస్నానం చేసి, బట్టలు విడిగా నానబెట్టి, అప్పుడు ఎత్తుకోవాలి.

దిగులు గురించి కూడా అపోహే: "పనిలో పడితే అదే పోద్ది." కొందరికి పోతుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, బిడ్డని ఎత్తుకోబుద్ధి కాక, ఊరికే కన్నీళ్ళు వస్తుంటే అది ఒళ్ళు బద్ధకం కాదు, జబ్బు. కౌలు బాకీ ఉన్న ఇంట్లో ఈ మాట పైకి రానే రాదు, అత్తకీ చెప్పుకోదు. టెలి మానస్ 14416కి తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. మా ఆశా కార్యకర్తకి చెప్పినా సరే.

పోయిన కోతల్లో ఒక తోట దగ్గర ఏడుగురు తల్లులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. నడుము నొప్పితో కోతకి పోలేని ఒక పెద్దావిడని పిల్లల దగ్గర కూర్చోబెట్టి, తలా అరవై రూపాయలు వేసుకుని ఆమెకి ఇచ్చారు. నేను నేర్పింది కాదు, చేతులు కడిగే నూనె సీసా మాత్రం నేను పెట్టించాను. రెండో కోతకి ఆ పెద్దావిడే ముఠా మేస్త్రిని పిలిచి, "టిఫిన్ గంట కాస్త ముందుకు జరుపు నాయనా, పిల్లలు పదికే ఏడుస్తున్నారు" అంది. జరిపాడు.