పొగ కనపడగానే బోరు చేయించకండి

అనంతపురంలో నా షెడ్డుకు వచ్చే పాత బుల్లెట్లలో సగం ఒకే మాటతో వస్తాయి. "అన్నా, బోరు పోయిందంట." బోరంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ. ఎవరన్నారని అడిగితే టీ అంగడి దగ్గర ఎవరో అన్నారంటారు.

పోయిన నెల కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక పిల్లోడు 1994 మోడల్ తెచ్చాడు. వాళ్ల నాయన బండి. ఆయన పోయాక ఏడాది పాటు వసారాలోనే ఉండిపోయింది. ఒకరోజు కిక్ కొడితే వీధంతా పొగ. భయపడి ఒకచోట చూపిస్తే బోరు చేసి, అంటే ఆ గోడను కోసి పెద్దది చేసి, పిస్టన్ మార్చారు. 14 వేలు అయింది. తర్వాత రెండు నెలలు తీయకుండా పెట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే అదే పొగ. నాయన గుర్తని పాత పిస్టన్‌ను కవర్లో దాచుకున్నాడు. చేతిలోకి తీసుకుని చూశాను. ఓవర్‌సైజ్ (కోసిన బోరుకు వేసే పెద్ద సైజు) గుర్తు లేదు, స్కర్టు (పిస్టన్ కింది భాగం) మీద లోతైన గీత ఒక్కటి లేదు. ఏ రోగమూ లేని బోరును కోసేశారు.

అపోహ: నిలిపిన బుల్లెట్ పొగ కక్కితే బోరు పోయినట్టే.

వాస్తవం: పాత ఐరన్ (పోత ఇనుము సిలిండర్) ఇంజిన్‌లో ఆయిల్ ట్యాంకు క్రాంక్ కేసు (ఇంజిన్ కింది పెట్టె) లోనే ఒక అర. బండి నెలల తరబడి నిలబడితే ఆయిల్ పంపు సందుల్లోంచి ఫ్లైవీల్ (ఇంజిన్‌లో తిరిగే బరువైన చక్రం) అరలోకి మెల్లగా దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే అది పైకి ఎగజిమ్మి పిస్టన్ మీదకు చేరి కాలుతుంది. పొగంతా దానిదే. ఇంకో ప్రమాదం ఉంది. ఆయిల్ కిందికి దిగిపోయింది కాబట్టి ట్యాంకు ఖాళీగా కనిపిస్తుంది. తక్కువైందని ఇంకో లీటరు పోస్తారు. దయచేసి పోయకండి.

కింద ఫ్లైవీల్ అర డ్రెయిన్ బోల్టు విప్పి గిన్నె పెట్టండి. ఆ పిల్లోడితోనే విప్పించాను. నల్లటి ఆయిల్ లీటరుకు పైనే దిగింది. బోల్టు బిగించి, ట్యాంకులో కొత్త ఆయిల్ లెవెల్ చూసి పోసి కిక్ కొట్టాడు. కాసేపు పొగ వచ్చి ఆగిపోయింది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముందే మీ దగ్గరికి వచ్చుంటే నాయన పిస్టన్ బండిలోనే ఉండేది కదన్నా" అన్నాడు. ఏం చెప్పను? కోసిన ఇనుము తిరిగి రాదు. 70 మిల్లీమీటర్ల బోరును ఒక్కో ఓవర్‌సైజ్‌కు కోసుకుంటూ పోతే చివరికి స్లీవ్ (లోపల కొత్త గొట్టం) వేయాల్సిందే.

బోరు నిజంగా పోయిందో లేదో 15 కిలోమీటర్లు నడిపాక చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులో, బోరో అనుకోవచ్చు. యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ ఇచ్చినప్పుడు మాత్రమే వస్తే వాల్వ్ గైడు (వాల్వ్ కాడ ఆడే గొట్టం) అరిగినట్టు. తాళం ఆఫ్ చేసి, డీకంప్రెసర్ (కంప్రెషన్ వదిలే లివర్) పట్టకుండా, కంప్రెషన్ తగిలిన చోట కిక్ మీద నిలబడండి. కాసేపు మిమ్మల్ని మోస్తే బోరు బాగానే ఉంది. టెన్షన్ పడకండి.

ఇక మిగతావి. వేడి మీద ఆగిపోయి నీడలో 20 నిమిషాలు పెడితే స్టార్టయ్యే బండికి "పెట్రోల్ కల్తీ" అంటారు. ముందు పెట్రోల్ ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి పీల్చుకుంటే మూత రంధ్రం మూసుకుంది. లేకపోతే పాయింట్ల (ప్లగ్గుకు నిప్పు కొట్టించే స్విచ్చు) మూత తీసి కిక్ కొట్టి చూడండి. అక్కడ పెద్ద పసుపు నిప్పు ఎగిరితే కండెన్సర్ (పాయింట్లు కాలకుండా కాపాడే చిన్న డబ్బా) పోయింది. ట్యాపెట్లు (వాల్వులను నెట్టే పుష్‌రాడ్ల సర్దుబాటు) వదులుగా ఉంటే మంచిదన్న మాట కూడా నమ్మకండి. చల్లటి ఇంజిన్‌లో పుష్‌రాడ్ వేళ్లతో తిరగాలి, కిందికీ పైకీ ఆడకూడదు.

సైలెన్సర్ మార్చితే పికప్ పెరుగుతుందనుకునే వాళ్లకు ఒకే మాట. మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రం) మార్చకుండా గొట్టం మాత్రమే మార్చితే గాలికి తగ్గ పెట్రోల్ అందక, ప్లగ్గు తెల్లబడి, మన ఏప్రిల్ ఎండలకు పిస్టన్ పట్టేయొచ్చు. పోలీసుల సంగతి వేరే.

పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టుకోండి. టూల్ బాక్స్‌లో ఒక కండెన్సర్, ఒక ప్లగ్గు ఎప్పుడూ ఉంచుకోండి.