సైన్యంలో చేసొచ్చాక మళ్లీ క్లాసెందుకు? టెక్సస్ తుపాకీ లైసెన్సు వెనుక కథ

‘ఇన్నేళ్లు సైన్యంలో పనిచేశాను, నడుముకు తుపాకీ పెట్టుకోవడానికి మళ్లీ పాఠాలు వినాలా?’ అమెరికాలో మాజీ సైనికులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇది. అడగడంలో తప్పేమీ లేదు. దేశం కోసం ఆయుధం పట్టిన మనిషిని ఇప్పుడు పరీక్ష రాయమంటే మనసు చివుక్కుమనడం సహజమే. టెక్సస్ చట్టం ఆయన మాటలో సగం ఒప్పుకుంది, సగం ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఆ చట్టంలోకెల్లా బాగా ఆలోచించి రాసిన భాగం అదే.

టెక్సస్ పేరు చెప్పగానే మనకు పిస్తోలు కట్టుకున్న కౌబాయ్ గుర్తొస్తాడు. నిజానికి చేతి తుపాకీ (పిస్తోలు, రివాల్వర్ లాంటిది) వెంట పెట్టుకుని తిరగడాన్ని ఆ రాష్ట్రం 1871లోనే నిషేధించింది. ప్రయాణాల్లో ఉన్నవారికి, మరికొన్ని సందర్భాలకు మినహాయింపులు ఉండేవి కానీ, నిషేధం మాత్రం దాదాపు 125 ఏళ్లు నిలిచింది.

దాన్ని కదిలించింది కిలీన్ అనే ఊరు. ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరాన్ని ఆనుకుని ఉంటుంది. 1991 అక్టోబర్ 16న ఒక దుండగుడు అక్కడి లూబీస్ కెఫెటీరియా అద్దాలు బద్దలు కొట్టుకుంటూ పికప్ ట్రక్కును లోపలికి తోలి, భోజనాలు చేస్తున్నవారిపై కాల్పులు జరిపాడు. 23 మంది చనిపోయారు. తల్లిదండ్రులతో కలిసి భోంచేస్తున్న సుజానా గ్రేషియా దగ్గర ఒక రివాల్వర్ ఉండేది. చట్టం ఒప్పుకోదని దాన్ని కారులోనే వదిలి వచ్చారామె. ఆమె కళ్ల ముందే తండ్రి కుప్పకూలాడు. ఆమె బయటపడ్డారు, తల్లి భర్తను వదిలి రాలేదు. ఆ తర్వాత సుజానా తుపాకీ వెంట ఉంచుకోనివ్వాలని చట్టసభల ముందు వరసగా సాక్ష్యాలు చెప్పారు, 1996లో టెక్సస్ ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. ఆమె వాదనతో ఏకీభవించకపోయినా, ఆ బాధను కాదనగలిగేవారు ఎవరుంటారు?

1993లో ఈ విషయంపై ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న బిల్లును గవర్నర్ ఆన్ రిచర్డ్స్ వీటో చేశారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆమె జార్జ్ డబ్ల్యూ. బుష్ చేతిలో ఓడిపోయారు. 1995లో మెరైన్ దళంలో పనిచేసి వచ్చిన సెనేటర్ జెర్రీ ప్యాటర్సన్ తెచ్చిన బిల్లు మీద బుష్ సంతకం పెట్టారు. 1996 జనవరి 1 నుంచి దుస్తుల కింద దాచి చేతి తుపాకీ పెట్టుకునే లైసెన్సులు అమల్లోకి వచ్చాయి.

ఆ లైసెన్సు ఊరికే ఇచ్చేది కాదు. 10 నుంచి 15 గంటల క్లాసు, రాతపరీక్ష, ఆపైన రేంజ్‌లో, అంటే గురి సాధన చేసే చోట, 50 తూటాల పరీక్ష. మూడు, ఏడు, పదిహేను గజాల దూరాల నుంచి కాల్చాలి. 250 మార్కులకు 175 వస్తే పాస్. క్లాసులో చెప్పాల్సిన అంశాలను చట్టంలోనే రాశారు: ప్రాణాంతక బలం ఎప్పుడు వాడవచ్చు, ఎప్పుడు వాడకూడదు, గొడవను హింస లేకుండా ఎలా చల్లార్చాలి, పిల్లల చేతికి చిక్కకుండా తుపాకీని ఇంట్లో ఎలా భద్రపరచాలి.

సైనికుల కోసం మినహాయింపు తర్వాత వచ్చింది. గౌరవప్రదంగా విడుదలైన మాజీ సైనికులకు, ఇంకా సర్వీసులో ఉన్నవారికి రేంజ్ పరీక్ష అక్కర్లేదు. కానీ ఒక షరతు ఉంది. దరఖాస్తుకు ముందు 10 ఏళ్ల లోపు, సైన్యంలో ఉండగా చేతి తుపాకీలో శిక్షణ పొంది ఉండాలి. ఏదో ఒక ఆయుధంలో అంటే సరిపోదు. ఫీజులోనూ రాయితీ ఉంది: మామూలు దరఖాస్తుదారుకు 40 డాలర్లయితే మాజీ సైనికుడికి 25, సర్వీసులో ఉన్నవారికి ఉచితం. క్లాసు మాత్రం అందరికీ ఒకటే.

చేతి తుపాకీ అని అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అమెరికా పదాతి సైనికుడి ప్రధాన ఆయుధం రైఫిల్. అతను 40 తూటాల్లో కనీసం 23 గురికి తగిలేలా కాల్చి అర్హత తెచ్చుకునేది దాంతోనే. పిస్తోలు మిలిటరీ పోలీసులకు, కొందరు అధికారులకు, కొన్ని ప్రత్యేక విధుల్లో ఉన్నవారికే చేతికొస్తుంది. ట్రక్కు నడిపినవారు, రాడార్ ముందు కూర్చున్నవారు, వంటశాలలో పనిచేసినవారు ఇరవై ఏళ్ల సర్వీసులో పిస్తోలు ముట్టకుండానే రిటైరై ఉండవచ్చు. దానివల్ల వాళ్ల సేవ ఏ మాత్రం తక్కువ కాదు. అయితే షాపింగ్ మాల్‌లో నడుముకు పెట్టుకోబోయేది పిస్తోలు, రైఫిల్ కాదు.

అర్హత రుజువు కోసం చూసేది సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే డీడీ-214 పత్రం. మాజీ సైనికుల ఇళ్లలో పెళ్లి సర్టిఫికెట్‌తో సమానంగా దాచుకునే కాగితం అది. 13వ గడిలో పతకాలు, బ్యాడ్జీలు. 14వ గడిలో తీసుకున్న శిక్షణలు. 24వ గడిలో సైన్యం నుంచి గౌరవప్రదంగా విడుదలయ్యారా, మరోలానా అన్నది ఉంటుంది. పిస్తోలు గురిలో బ్యాడ్జీ వచ్చి ఉంటే 13లో కనిపిస్తుంది.

24వ గడి విలువ తెలుగువాళ్లకు అర్థం కావడానికి ఒక చేదు ఉదాహరణ ఉంది. 2023 మే 6న డాలస్ శివారు ఆలెన్‌లోని ఔట్‌లెట్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో మన తెలుగు ఇంజినీరు అమ్మాయి ఒకరు. కాల్చినవాడు 2008లో సైన్యంలో చేరాడు, మూడు నెలలకే మానసిక ఆరోగ్య కారణాలతో పంపించేశారు. అతను ఆరోజు రైఫిల్ వాడాడు కాబట్టి ఆ ఘోరాన్ని చేతి తుపాకీ లైసెన్సు చట్టానికి ముడిపెట్టడం న్యాయం కాదు. కానీ ‘సైన్యంలో చేశాడు’ అన్న మాటలో మూడు నెలలకే వెనక్కి వచ్చినవాడూ ఉంటాడు, ముప్పై ఏళ్లు నిలిచినవాడూ ఉంటాడు. చట్టం ఆ మాటతో ఆగకుండా కాగితం అడిగింది అందుకే.

ఇక క్లాసు సంగతి. యుద్ధభూమిలో ఎప్పుడు కాల్చాలో ఆదేశాలు చెబుతాయి. పెట్రోల్ బంకు దగ్గర ఎవరో కేకలు వేస్తూ మీదికొస్తే ఏం చేయాలో చెప్పేది రాష్ట్ర శిక్షాస్మృతి, అది బ్యారక్స్‌లో నేర్పే పాఠం కాదు. ఇంట్లో భద్రత విషయం ఇంకా బరువైనది. అమెరికాలో 2021లో 6,392 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నట్లు ప్రభుత్వ లెక్క. వాటిలో దాదాపు 72 శాతం తుపాకీతోనే. తుపాకీకి తాళం వేయడం, తూటాలు వేరేచోట పెట్టడం, మనసు బాగోలేని రోజుల్లో దాన్ని నమ్మకమైనవారికి అప్పగించడం గురించి అందరికంటే ముందు మాట్లాడాల్సింది వీళ్లతోనే. క్లాసు నుంచి మాజీ సైనికులను తప్పించడం గౌరవం ఇవ్వడం అనిపించుకోదు, వాళ్లను గాలికొదిలేయడం అవుతుంది.

అన్ని రాష్ట్రాలూ ఇలా గీత గీయలేదు. 1987లో లైసెన్సులు మొదలుపెట్టిన ఫ్లోరిడా, సైనిక సర్వీసునే శిక్షణకు రుజువుగా ఒప్పుకుంది. ఫెడరల్ కోర్టు తీర్పు వల్ల 2013లో చట్టం చేయాల్సి వచ్చిన ఇల్లినాయ్ 16 గంటల శిక్షణ పెట్టి, మాజీ సైనికులకు అందులో 8 గంటలు తగ్గించింది. గంటలు తగ్గించడం కంటే, ఏ పాఠం వదిలేయవచ్చో ఏది వదలకూడదో విడదీసిన టెక్సస్ పద్ధతే నాకు సబబుగా అనిపిస్తుంది.

ఆ పద్ధతి మిగల్లేదనే చెప్పాలి. 2013లో క్లాసు నాలుగు నుంచి ఆరు గంటలకు తగ్గింది, రెన్యువల్‌కు క్లాసే ఎత్తేశారు. 2016 నుంచి తుపాకీ బయటికి కనిపించేలా పెట్టుకోవడానికీ అదే లైసెన్సు చెల్లింది. 2021 సెప్టెంబర్ 1 నుంచి, చట్టపరమైన అడ్డు లేని 21 ఏళ్లు నిండినవారు ఎవరైనా లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ పెట్టుకోవచ్చు. 18 నుంచి 20 ఏళ్ల వయసులో లైసెన్సు తీసుకునే అవకాశం అప్పటికే సైనికులకు ఉండేది. 2022 ఆగస్టులో ఫోర్ట్‌వర్త్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి ఆ వయసు వారందరిపై ఉన్న నిషేధం చెల్లదన్నారు. రాష్ట్రం అప్పీలు చేసినా ఆ ఏడాది చివర్లో ఉపసంహరించుకుంది.

ఇప్పటికీ క్లాసుకు వచ్చేవారు ఉన్నారు. టెక్సస్ లైసెన్సును గుర్తించే ఇతర రాష్ట్రాలకు వెళ్లేవారికి, కాలేజీ క్యాంపస్‌లో తుపాకీ ఉంచుకోదలచినవారికి అది కావాలి. కొత్త తుపాకీ కొనేటప్పుడు అక్కడికక్కడ జరిపే నేర చరిత్ర తనిఖీ కూడా లైసెన్సు ఉంటే తప్పుతుంది. మనవాళ్లలో హెచ్-1బీ మీద ఉన్నవారికి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఆ అడ్డు లేదు. అలాంటి ఇంట్లో తుపాకీ కొనే ఆలోచన ఉంటే, చట్టం అడగకపోయినా ముందు ఆ నాలుగు గంటలు క్లాసుకు వెళ్లి రావాలి.