రంగం నుంచి మ్యావాడి దాకా: చట్టం కంటికి ఆనని వలస

థాయ్‌లాండ్ సరిహద్దు నుంచి మనవాళ్ళను తెచ్చే విమానం దిగిన ప్రతిసారీ ఒడిశాలోని మన గంజాం జిల్లాలో ఒకే వాదన లేస్తుంది. తిరిగొచ్చినవాళ్ళు బాధితులా, నేరస్తులా? 2025 మార్చి 10, 11 తేదీల్లో వాయుసేన విమానాలు థాయ్ పట్నం మేసాట్ నుంచి 549 మందిని తీసుకొచ్చాయి. అదే ఏడాది నవంబరు 6న 270 మంది, 10న మరో 197 మంది వచ్చారు. మయన్మార్ గట్టున మ్యావాడి చుట్టూ ఉన్న సైబర్ మోసాల కేంద్రాల నుంచి బయటపడినవాళ్ళు వీళ్ళంతా. దిగినవాళ్ళను ముందు ప్రశ్నించారు, తర్వాత ఊళ్ళకు పంపారు. ఊళ్ళకు చేరాక కూడా విచారణకు రమ్మని మళ్ళీ మళ్ళీ కబుర్లు వస్తుండటంతో బరంపురం వీధుల్లోనూ, గోపాల్‌పూర్ తీరంలోని మన జాలారి పేటల్లోనూ ఆ ప్రశ్న మళ్ళీ వేడెక్కింది.

తిరిగొచ్చిన ఒక కుర్రాడి తల్లితో మాట్లాడాను. ఆవిడ గొంతు పెద్దది చేయలేదు, ఏడవలేదు. "మావోడి పేరు రాసుకున్నారు బాబూ. ఫోను తీసుకున్నారు. ఆడ్ని పంపినోడి పేరు కూడా రాసుకోండి అంటే, అది తర్వాత చూద్దాం అన్నారు" అంది. ఆ మాట పట్టుకునే ఈ నేపథ్యం రాస్తున్నాను. పంపినవాడి పేరు రాసుకోకపోవడం ఈ తీరానికి కొత్త కాదు. వందేళ్ళుగా జరుగుతున్నదే.

మన ఇళ్ళలో బర్మా అంటే ముందు గుర్తొచ్చేవి రెండు. 1942లో జపాన్ బాంబులకు భయపడి కొండలూ అడవులూ దాటి నడిచొచ్చిన కథ ఒకటి. 1964లో నె విన్ ప్రభుత్వం దుకాణాలు లాక్కుని, పెద్ద నోట్లు రద్దు చేశాక ఉత్తచేతులతో ఓడలెక్కిన కథ ఇంకొకటి. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ కథలు పెద్దవాళ్ళ నోట చాలాసార్లు విన్నాం, ఇక్కడ మళ్ళీ చెప్పను. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే వాటికంటే వెనక్కి, ఎవరూ పెద్దగా తలచుకోని ఒక చట్టం దగ్గరికి వెళ్ళాలి.

1922లో బ్రిటిష్ ప్రభుత్వం భారత వలసల చట్టం తెచ్చింది. ఒప్పంద కూలీల వ్యవస్థ మీద దేశమంతా రేగిన ఆగ్రహం దాని వెనుక ఉంది. సిలోన్, మలయా తోటలకు కూలీలను తీసుకెళ్ళే కంగాణీలు ఆ చట్టం కిందికి వచ్చారు. అక్కడి కూలీల బాగోగులు చూడటానికి భారత ప్రభుత్వ ఏజెంట్లు ఉండేవాళ్ళు. వాళ్ళు ఏ మాత్రం చూశారన్నది వేరే సంగతి, ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక గుమ్మమంటూ ఉంది. బర్మాకు అది లేదు. అప్పటికి బర్మా భారతదేశంలో ఒక రాష్ట్రం, అంటే చట్టం లెక్కలో విదేశమే కాదు. గోపాల్‌పూర్‌లోనో, కళింగపట్నంలోనో స్టీమరెక్కి బంగాళాఖాతం దాటి 'రంగం' (రంగూన్) పోయే మనిషి, కాగితం మీద, పక్క జిల్లాకు పనికి పోయినవాడితో సమానం.

దాని ఫలితం కూలీలను పోగుచేసే మేస్త్రీ చేతిలోకి వెళ్ళింది. ఊళ్ళో బయానా ఇచ్చేది మేస్త్రీ. టిక్కెట్టు కొనేదీ, రంగూన్‌లో గదిలో పదుల మందిని కుక్కేదీ, రైసు మిల్లులోనో రేవులోనో పని చూపించేదీ మేస్త్రీయే. కంపెనీ జీతం అతని చేతికిచ్చేది. బయానా, తిండి, అద్దె, కమీషన్ అన్నీ కోసుకుని మిగిలింది కూలీకి ఇచ్చేవాడు. అప్పు తీరేదాకా మరో చోటికి కదలడానికి లేదు. మేస్త్రీకి లైసెన్సు అక్కర్లేదు, లెక్క అప్పజెప్పాల్సిన పనీ లేదు. 1931లో విట్లీ అధ్యక్షతన కార్మికుల మీద రాయల్ కమిషన్ ఇచ్చిన నివేదికలో ఈ పద్ధతి గురించి విమర్శ ఉంది. అప్పటికి ఏడాది కిందటే దానికి రక్తం రూపంలో రుజువు దొరికింది.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల సరుకు దించే విదేశీ కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మీయులను పనిలోకి దించాయి. కొద్ది రోజుల్లో తెలుగువాళ్ళతో రాజీ కుదుర్చుకుని, కొత్తగా పెట్టుకున్న బర్మీయులను పొమ్మన్నాయి. మే 26న పనిలోకి వచ్చినవాళ్ళూ, పని పోయినవాళ్ళూ ఎదురుపడ్డారు. అధికారిక లెక్కల ప్రకారమే వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. వాళ్ళను అక్కడ 'కొరంగీ'లు అనేవారు. కోరంగి రేవు పేరు మీద పుట్టిన పిలుపు తిట్టుగా మారింది. రెండు వైపులా ఉన్నది పేదవాళ్ళే. వాళ్ళను ఒకరి మీదికి ఒకరిని నెట్టిన కంపెనీలకు మాత్రం ఏమీ కాలేదు. బర్మీయుల కోపం అన్యాయమని నేను అనను. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. తమ రాజధానిలో తామే తక్కువమంది కావడం ఎవరికైనా మంట పుట్టిస్తుంది. ఆ మంట మాత్రం పరదేశి పాలకుల దాకా పోకుండా, పక్కన మూట మోసేవాడి మీద పడింది.

నా లెక్కలో అసలు మలుపు ఆ తర్వాత కొన్నేళ్ళకు వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. గంజాం రెండుగా చీలింది. బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం ఇటు వచ్చాయి, ఇచ్ఛాపురం నుంచి కిందిది మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. అంటే ఇక్కడి తెలుగు కూలీ కుటుంబం ఉన్న చోటే ఉండి ఏడాది తేడాలో రెండుసార్లు పరాయిదైంది. మద్రాసులో తమ గోడు చెప్పే దారి పోయింది, కటకంలో ఇంకా దారి ఏర్పడలేదు. కొడుకు ఉన్న ఊరు ఇప్పుడు విదేశం.

విదేశం అయ్యాకైనా కూలీకి రక్షణ దొరకాలి కదా. దొరికింది పర్మిట్. 1938లో భారతీయుల మీద మళ్ళీ దాడులు జరిగాయి, భారతీయుల వలస మీద బ్యాక్స్‌టర్ విచారణ జరిగింది, చివరికి 1941లో ఇండియా-బర్మా వలస ఒప్పందం కుదిరింది. ఎక్కువ కాలం ఉండేవాళ్ళకు 'ఎ' పర్మిట్, కూలీలకు గరిష్ఠంగా మూడేళ్ళ 'బి' పర్మిట్ అని మనుషులను వర్గాలు చేసింది. ఒప్పందం కుదిరిన గదిలో ఇరువైపులా అధికారులున్నారు, రేవు కూలీ తరఫున ఎవరూ లేరు. గాంధీ దాన్ని గట్టిగా విమర్శించారు. అది అక్టోబరులో అమల్లోకి రావాల్సింది, డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, ఆ తర్వాత ఒప్పందాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. కానీ దాని వెనుక ఉన్న ఆలోచన బతికే ఉంది: పోయేవాడి కాగితాలు చూడు, పంపేవాడి సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు 1983 వలసల చట్టం చూడండి. ఇవాళ మన వలసలను నడిపేది అదే. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉంటుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే వాళ్ళు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పది పాసైతే అక్కర్లేదు. ఆ జాబితాలో థాయ్‌లాండ్ ఉంది గాని మయన్మార్, కంబోడియా, లావోస్ లేవు. దుబాయ్‌కి తాపీపనికి పోయేవాణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన ఇది. డిగ్రీ చదివి, కంప్యూటరు మీద వేళ్ళు ఆడించగల కుర్రాడికి ప్రమాదం ఉంటుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు వేటాడేది సరిగ్గా వాళ్ళనే. 2022 సెప్టెంబరులో విదేశాంగ శాఖ ఇచ్చిన హెచ్చరికలోనే ఆ మాట ఉంది: 'డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్' ఉద్యోగాల పేరుతో ఐటీ నైపుణ్యం ఉన్న యువతను థాయ్‌లాండ్‌కు రప్పించి, అక్కణ్ణుంచి మయన్మార్‌కు దాటిస్తున్నారని. 2023 నవంబరు నుంచి మనవాళ్ళకు థాయ్‌లాండ్ వీసా లేకుండానే రమ్మంది. టూరిస్టుగా పోయేవాడు వలస కూలీ కాడు. 1922లో గోపాల్‌పూర్ ఓడ ఎక్కినవాడు కానట్టే.

2022 జనవరి నుంచి 2024 మే మధ్య కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్, వియత్నాంలకు విజిటింగ్ వీసా మీద వెళ్ళినవాళ్ళలో 29,466 మంది తిరిగి రాలేదని కేంద్రమే లెక్క తేల్చింది. వాళ్ళందరూ బందీలని కాదు. ఎవరు ఎక్కడున్నారో చెప్పగల రిజిస్టరు మాత్రం లేదు.

అవతల గట్టు సంగతి. మ్యావాడికీ మేసాట్‌కీ మధ్య మోయీ నది ఉంది, చాలాచోట్ల సన్నటి ఏరు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక మయన్మార్‌లో సరిహద్దుల మీద కేంద్ర ప్రభుత్వపు పట్టు జారిపోయింది. మ్యావాడి చుట్టూ పెత్తనం సా చిట్ తు నాయకత్వంలోని కరెన్ సరిహద్దు దళానిది. మొదట సైన్యం కిందే ఉన్న ఆ దళం 2024లో కరెన్ నేషనల్ ఆర్మీగా పేరు మార్చుకుంది. మోసాల కేంద్రాలున్న ష్వే కొక్కో పట్నం కట్టింది చైనా పెట్టుబడిదారులు. కరెంటు ఇచ్చింది థాయ్‌లాండ్. ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టెలు కూడా వచ్చాయి, 2025 అక్టోబరులో అలాంటివి 2,500కు పైగా ఆపేశామని స్టార్‌లింక్ సంస్థే చెప్పింది. మయన్మార్‌లో ఇలాంటి కేంద్రాల్లో కనీసం 1,20,000 మందిని బలవంతంగా పెట్టి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది.

ఆ దేశంలో ఎవరు కలగజేసుకున్నా తమ అవసరం కోసమే కలగజేసుకున్నారు. 2023 అక్టోబరులో చైనా సరిహద్దున ఉన్న ఉత్తర షాన్‌లో తిరుగుబాటు దళాలు విరుచుకుపడితే చైనా అడ్డు చెప్పలేదు, వేల మంది తన పౌరులను సైబర్ మోసాల నిందితులుగా పట్టుకుపోయింది. 2025 జనవరిలో ఒక చైనా నటుడు మేసాట్ దగ్గర మాయమై, కొన్ని రోజులకు దొరికాడు. చైనా టూరిస్టులు భయపడి ప్రయాణాలు మానుకుంటే, థాయ్‌లాండ్ ఫిబ్రవరి 5న కరెంటు కోసేసింది. మన 549 మంది బయటపడింది ఆ ఊపులోనే. అంటే మన పిల్లలకు తలుపు తెరుచుకున్నది ఇంకొక దేశపు టూరిజం దెబ్బతినడం వల్ల. ఇది రాస్తుంటే నాకు కడుపులో దేవినట్టుంది.

పోలీసుల మాట కూడా చెప్పాలి. తిరిగొచ్చినవాళ్ళలో కొందరు తెలిసే వెళ్ళారనీ, కొందరు ఆ 'కంపెనీ'లో టీమ్ లీడర్లయ్యారనీ, ఇంకొందరు తమ స్నేహితులనే రప్పించి కమీషన్ తిన్నారనీ వాళ్ళంటారు. అందులో నిజం ఉంది. 2024 మొదటి నాలుగు నెలల్లో నమోదైన సైబర్ మోసాల్లో 46 శాతం మయన్మార్, కంబోడియా, లావోస్‌ల నుంచే జరిగాయని కేంద్ర హోంశాఖ చెప్పింది. డబ్బు పోయింది మన పింఛనుదారులదీ, మన టీచర్లదీ.

అయితే ఆ టీమ్ లీడర్ ఎలా తయారయ్యాడో కూడా అడగాలి. మొదట పాస్‌పోర్టు లాక్కుంటారు. ఇన్ని వేల డాలర్లకు నిన్ను కొన్నాం, కట్టి పో, లేదా టార్గెట్ పూర్తి చెయ్యి అంటారు. చెయ్యకపోతే దెబ్బలు, చీకటి గది. విడుదల కావాలంటే నీ బదులు ఇద్దరిని రప్పించు. మేస్త్రీ బయానాకీ దీనికీ ఉన్న తేడా కరెంటు షాకు ఒక్కటే అనిపిస్తుంది నాకు. బలవంతం కింద చేసిన నేరానికి అక్రమ రవాణా బాధితుణ్ణి శిక్షించకూడదని ఐక్యరాజ్యసమితి పదే పదే చెబుతోంది. మన భారతీయ న్యాయసంహితలోనూ 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణా మీదే ఉంది. ఆ సెక్షన్ ఎవరి మీద పెడతారన్నదే ఇప్పటి గొడవ.

రూర్కెలా సంగతి ఒకటి గుర్తు చేయాలి. కంబోడియాకు మనుషులను పంపే ముఠాను 2023 డిసెంబరు చివర్లో అక్కడి పోలీసులు ఛేదించారు, మంచి పనే చేశారు. ఆ దర్యాప్తు మొదలైంది మాత్రం కనపడకుండా పోయిన కుర్రాడి ఇంటి నుంచి కాదు. దాదాపు 70 లక్షలు పోగొట్టుకున్న ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఫిర్యాదు నుంచి. 2024 మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేసి, కంబోడియాలో ఉన్నవాళ్ళతో నేరుగా మాట్లాడారు. అటు నుంచి, అంటే పోయిన మనిషి వైపు నుంచి, కేసు తవ్వడం సాధ్యమేనని అప్పుడు తేలింది.

మనది సరిహద్దు కాబట్టి ఇంకో చిక్కు. కుర్రాడి ఇల్లు గంజాంలో, ఏజెంటు ఆఫీసు ఆంధ్రలో, విమానం ఎక్కింది కోల్‌కతాలోనో హైదరాబాద్‌లోనో. ఫిర్యాదు పట్టుకెళితే అటు వెళ్ళండని ఇక్కడ, ఇటు రండని అక్కడ. 1936లో గీసిన గీత మీద నిలబడి ఆ తల్లులు ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతున్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆ సెక్షన్ నంబరు ఒక కాగితం మీద రాసి, మొదట్లో చెప్పిన ఆవిడ చేతిలో పెట్టాను. తెలుగులోనూ ఒడియాలోనూ రాశాను.

ఇక 1983 చట్టాన్ని మార్చే ముసాయిదాను విదేశాంగ శాఖ 2025 అక్టోబరులో జనం ముందు పెట్టింది. ప్రస్తుత చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను పంపే ఏజెంటుకు గరిష్ఠ శిక్ష రెండేళ్ళ జైలు, రెండు వేల రూపాయల జరిమానా. ఆ కుర్రాడి ప్రయాణానికి ఇంట్లోవాళ్ళు చేసిన అప్పుకు నెల వడ్డీ అంతకంటే ఎక్కువ. వచ్చే సోమవారం అతను మళ్ళీ స్టేషనుకు వెళ్ళాలి. ఈసారి తల్లి కూడా వెళ్తోంది, ఆ కాగితం పట్టుకుని.